రెండు నిమిషాల్లో సీసం: మూలికా మందుల మీద తక్షణ పరీక్ష ఏం చెబుతుంది, ఏం చెప్పలేదు

పాత గొలుసు మార్చుకుందామని నగల దుకాణానికి వెళ్తే ఇప్పుడు గీటురాయి బయటికి తీసేవాళ్లు తక్కువ. గొలుసును ఒక చిన్న పెట్టెలో పెట్టి మూత వేస్తారు. కాసేపటికే తెరమీద అంకెలు వచ్చేస్తాయి: బంగారం 91.6, మిగతాది రాగి ఇంత, వెండి ఇంత. గొలుసును గీయలేదు, కరిగించలేదు, యాసిడ్ చుక్క వేయలేదు. జనం క్యారట్ మీటర్ అని పిలిచే ఆ పెట్టెలో జరిగే పని పేరు ఎక్స్‌రే ఫ్లోరసెన్స్, పొట్టిగా ఎక్స్‌ఆర్‌ఎఫ్. అదే సూత్రంతో పనిచేస్తూ, డ్రిల్లింగ్ మెషిన్‌లా చేతపట్టుకోవడానికి వీలుగా ఉండే పరికరాన్ని మూలికల బస్తాలకూ చూర్ణం డబ్బాలకూ ఆనించి సీసం, పాదరసం, ఆర్సెనిక్ కోసం వెతకొచ్చు.

సూత్రం ఒకటే అయినా పని ఒకటి కాదు. నగల కొట్లో వెతికేది నూటికి తొంభై పాళ్లున్న లోహాన్ని. చూర్ణంలో వెతకాల్సింది పది లక్షల పాళ్లలో పది పాళ్లను, అంటే 10 పీపీఎంను. ఉత్త మూలికా మందుల్లో సీసానికి మన దేశంలోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనల్లోనూ ఉన్న పరిమితి అదే. యాభై కిలోల అశ్వగంధ బస్తాలో అర గ్రాము సీసం ఉంటే ఆ గీత దగ్గరికి వచ్చేసినట్టే. ఆ అర గ్రామును బస్తా విప్పకుండానే రెండు నిమిషాల్లో పట్టేస్తామని ఎవరైనా అంటే రెండు ప్రశ్నలు వేయాలి. ఏ లోహం? ఎంత మోతాదు నుంచి?

ఆయుర్వేద మందుల్లో లోహాల మీద చర్చ పెద్దదైంది కూడా ఎక్స్‌ఆర్‌ఎఫ్ కొలతలతోనే. 2004లో జామా వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్లు సరుకులు కొనుక్కునే దక్షిణాసియా కిరాణా దుకాణాల్లో దొరికిన 70 ఆయుర్వేద మందులను పరిశోధకులు కొని పరీక్షించారు. 14 మందుల్లో లోహాలు బయటపడ్డాయి: 13 మందుల్లో సీసం, ఆరింట్లో పాదరసం, ఆరింట్లో ఆర్సెనిక్. 2008లో అదే బృందం ఇంటర్నెట్‌లో అమ్ముతున్న 193 మందులు తెప్పించి చూస్తే 20.7 శాతంలో లోహాలు కనిపించాయి. రెండోసారి తేలిన మరో సంగతి మన పత్రికల్లో పెద్దగా నలగలేదు. అమెరికాలో తయారైన మందుల్లో 21.7 శాతంలో, భారత్‌లో తయారైన వాటిలో 19.5 శాతంలో లోహాలు దొరికాయి. అంటే తేడా దేశాన్ని బట్టి రాలేదు, మందు రకాన్ని బట్టి వచ్చింది. లోహాలను కావాలనే కలిపే రసశాస్త్ర ఔషధాల్లో 40.6 శాతం, మిగతా వాటిలో 17.1 శాతం.

2004 అధ్యయనంలో సీసం దొరికిన మందుల్లో తక్కువలో తక్కువ 5 పీపీఎం, ఎక్కువలో ఎక్కువ 37,000 పీపీఎం. రెండో అంకెను శాతంలోకి మారిస్తే 3.7. నూరు గ్రాముల డబ్బాలో మూడున్నర గ్రాములకు పైగా సీసం. ఈ రెండు అంకెల మధ్య దూరమే తక్షణ పరీక్షల బలాన్నీ బలహీనతనూ నిర్ణయిస్తుంది. 37,000 ఉన్న డబ్బాను చేతి పరికరం సెకన్లలో పట్టిస్తుంది, పొరపాటు పడడానికి చోటే లేదు. 5 ఉన్న డబ్బా దగ్గర అదే పరికరం తడబడుతుంది. మనిషిని ఆస్పత్రిపాలు చేసేది మొదటి రకం. ప్రయోగశాలల మధ్య వాదాలకు దారితీసేది రెండోది.

లోహం మందులోకి వచ్చే దారులు

భస్మాలు, రస ఔషధాల విషయంలో లోహం కలవడం ప్రమాదవశాత్తు జరిగేది కాదు. నాగభస్మం అంటేనే సీసం. రససిందూరం అంటే పాదరసం, గంధకం. శోధన (శుద్ధి చేయడం), మారణ (కాల్చి భస్మం చేయడం) ప్రక్రియలతో లోహం స్వభావం మారుతుందన్నది ఆ శాస్త్రం చెప్పే మాట. దానికి సొంత పరీక్షలున్నాయి, అవీ తక్షణ పరీక్షలే. భస్మం వేలి గీతల్లోకి దూరితే రేఖాపూర్ణం, నీటిమీద తేలితే వారితరం, మెరుపు పోతే నిశ్చంద్రం. తేనె, నెయ్యి, గురివింద లాంటివి కలిపి కాల్చినా తిరిగి లోహంగా మారకపోతే అపునర్భవం. పనిముట్లు లేని కాలంలో పుటం (మందును మూసి కాల్చడం) సరిగ్గా పడిందో లేదో తేల్చుకోవడానికి ఇవి తెలివైన పరీక్షలు. అయితే ఇవి చెప్పేది తయారీ ఎలా సాగిందని. మింగినవాడి రక్తంలోకి ఎంత సీసం చేరుతుందో వీటికి తెలియదు. ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కూ తెలియదనుకోండి, ఆ సంగతి తర్వాత.

రెండో దారి మోసం: రంగు కోసమో, పని గట్టిగా చేస్తుందనో కలిపి, పైన మాత్రం మూలికా మందు అని రాయడం. మూడోది ఎవరి తప్పూ ప్రత్యేకంగా లేకుండా నేల నుంచి, నీళ్ల నుంచి, నూరే రోలు నుంచి, ఆరబెట్టిన రోడ్డు పక్క దుమ్ము నుంచి వచ్చేది. నీటి అంచున పెరిగే బ్రాహ్మి, సరస్వతి ఆకు లాంటి మొక్కలు నీళ్లలో ఉన్నదాన్ని తమలోకి లాక్కుంటాయి. ఆ నీళ్లు ఎక్కడివన్నదాన్ని బట్టే ఆకు మంచీ చెడూ. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ పరిసరాల నేలల్లో, నీళ్లలో ఆర్సెనిక్ ఉన్నట్టు శాస్త్రవేత్తలు ఎప్పుడో నమోదు చేశారు. అలాంటి చోట కుంట గట్టున కోసిన ఆకు చూడ్డానికి అడవిలో కోసిన ఆకులాగే ఉంటుంది, వాసన కూడా అంతే. కంటికీ ముక్కుకూ నాలుకకూ దొరకని తేడా ఇది. ముప్ఫై ఏళ్లుగా మూలికలు కొంటున్న వ్యాపారి అనుభవం ఇక్కడ అక్కరకు రాదు.

తెరమీద కనిపించే కొండలు

ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరగా చూస్తే దాని హద్దులు వాటంతటవే అర్థమవుతాయి. పరికరం ముక్కు నుంచి ఎక్స్‌రే వెళ్లి పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను తన్నేస్తుంది. ఆ ఖాళీలోకి పై కక్ష్య నుంచి మరొకటి దూకుతూ మిగిలిన శక్తిని ఎక్స్‌రేగా వదులుతుంది. ఆ శక్తి ఒక్కో మూలకానికి ఒక్కోలా ఉంటుంది, వేలిముద్రలాగా. తెరమీద గీసిన రేఖలో కొండలు లేస్తాయి. ఏ స్థానంలో కొండ ఉందన్నది మూలకం పేరు చెబుతుంది. ఎంత ఎత్తుందన్నది మోతాదు చెబుతుంది.

సీసం కొండలు 10.55, 12.61 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర లేస్తాయి. ఆర్సెనిక్ కొండలు 10.54, 11.73 దగ్గర. రెండింటి మొదటి అంకెలు మరోసారి చూడండి: 10.55, 10.54. పరికరం కంటికి ఆ రెండూ ఒకటే కొండ. అందుకే సీసాన్ని 12.61 దగ్గర, ఆర్సెనిక్‌ను 11.73 దగ్గర చూసి లెక్క కడతారు. పాదరసం కూడా ఉంటే? దాని కొండలు 9.99, 11.82 దగ్గర ఉంటాయి. ఆర్సెనిక్‌కు మిగిలిన ఆ ఒక్క చోటు మీదా పాదరసం నీడ పడిందన్నమాట. సీసం, పాదరసం, ఆర్సెనిక్ మూడూ కలిసి ఉండే అవకాశం ఎక్కడ ఎక్కువో రసౌషధాలు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి నమూనాలో పరికరం ఆర్సెనిక్‌కు చూపించిన అంకె కొలత కాదు, సాఫ్ట్‌వేర్ చేసిన పంపకం. బాగా చేసిన పంపకమే కావొచ్చు, కానీ దాన్ని రిపోర్టులో రాసి ముద్ర కొట్టేంత ధైర్యం ఉండకూడదు.

కాడ్మియంది మరో కథ. మన పరిమితి 0.3 పీపీఎం, సీసం పరిమితిలో ముప్ఫైమూడో వంతు. మామూలు చేతి పరికరం ఆ లోతుకు దిగలేదు. కాబట్టి "ఎక్స్‌ఆర్‌ఎఫ్‌తో భారలోహాలన్నీ పరీక్షించాం, అన్నీ సురక్షితం" అని ఏ ప్రకటనలోనైనా కనిపిస్తే కాడ్మియం దగ్గరే ఆ వాక్యం కూలిపోతుంది.

నమూనా సిద్ధం చేయడంలోనూ కిటుకులున్నాయి. చూర్ణంలో తడి ఉంటే అంకె తగ్గుతుంది. గరుకుగా ఉంటే మారుతుంది, పలచగా పరిస్తే మారుతుంది. మట్టి కోసం తయారైన లెక్కల పట్టికతో ఆకుపొడిని కొలిస్తే కూడా తప్పే, ఎందుకంటే ఎక్స్‌రేను మట్టి అడ్డుకున్నంతగా ఆకు అడ్డుకోదు. ఆరబెట్టి, జల్లించి, అడుగున పలచని ప్లాస్టిక్ పొర ఉన్న చిన్న కప్పులో తగినంత మందంగా నింపి, ఇలాంటి ఆకుపొడితోనే సరిచూసిన పరికరంతో కొలిస్తేనే ఆ అంకెకు అర్థం. ఆరబెట్టడం, జల్లించడం లెక్కలోకి తీసుకుంటే రెండు నిమిషాలు కాస్తా గంట అవుతుంది. అయినా ప్రయోగశాలకు పంపి రోజులు ఎదురుచూడటంతో పోలిస్తే ఇది వేగమే.

పరికరం ముక్కు కింద పడేది గోరంత మేర మాత్రమే. బస్తాలో సీసం సమానంగా కలిసి ఉండదు. పైన ఒక్కచోట ఆనించి "ఏమీ లేదు" అనడం అన్నం ఉడికిందో లేదో గిన్నె అంచున ఒక్క మెతుకు పట్టి చూడటం లాంటిది. అన్నానికైనా మధ్యనుంచి తీసి చూస్తాం కదా. బస్తా పై నుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి కలిపిన నమూనా కావాలి.

ఢాకాలో జరిగింది

తక్షణ పరీక్ష ఒక అంగడిని నిజంగా మార్చేసిన ఉదాహరణ బంగ్లాదేశ్‌లో ఉంది. అది మందు కాదు, పసుపు. వంటింట్లోనూ మందుల్లోనూ ఉండే పసుపును ఈ చర్చకు బయటిదనలేం. రంగు, మెరుగు చూసి ధర కట్టే సరుకు అది. నిజామాబాద్, దుగ్గిరాల యార్డులు ఎరిగినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో 1980లలో వరదలకు తడిసి రంగు చెడిన పసుపును కొమ్ముల దశలోనే పసుప్పచ్చగా చేయడానికి లెడ్ క్రోమేట్ అనే పెయింటు రంగు వాడటం మొదలై, అదే అలవాటుగా స్థిరపడింది. ఢాకాలోని ఆరోగ్య పరిశోధన సంస్థ ఐసీడీడీఆర్‌బీ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టాక, 2019లో అక్కడి ఆహార భద్రతా సంస్థ అధికారులు ఢాకాలోని శ్యామ్‌బజార్ టోకు మార్కెట్‌కు ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరంతో వెళ్లారు. బస్తాల ముందే, అందరూ చూస్తుండగా కొలిచారు. దొరికిన సరుకు స్వాధీనం చేసుకుని ఇద్దరు వ్యాపారులకు జరిమానా వేశారు. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనిపిస్తే, 2021 నాటికి అది సున్నాకు వచ్చింది.

ఆ దాడుల్లో పరికరం వేగం కంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. సీసంతోపాటు క్రోమియం కొండ కూడా తెరమీద లేచింది. లెడ్ క్రోమేట్‌లో సీసం, క్రోమియం బరువులో దాదాపు నాలుగుకు ఒకటి పాళ్లలో ఉంటాయి. ఆ రెండూ ఆ నిష్పత్తిలో కనిపిస్తే "నేలలోంచి వచ్చిందేమో" అన్న సాకు నిలవదు. అదే సీసం పక్కన ఇనుము, టైటానియం ఎక్కువగా కనిపిస్తే వేరుకు అంటిన మట్టిని అనుమానించాలి. బాగా కడిగి మళ్లీ చూస్తే అంకె పడిపోవచ్చు. పాదరసం పక్కన గంధకం లేస్తే కజ్జలి (పాదరసం, గంధకం నూరి చేసే నల్లపొడి) లాంటిది కలిసిందేమో అడగాలి. మూలకాలన్నీ ఒకే తెరమీద కనిపించడం వల్ల ఎంత ఉందన్నదానితోపాటు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఊహించొచ్చు. ఒకే ఒక్క లోహాన్ని పట్టే కాగితపు పట్టీకి ఈ సౌకర్యం లేదు.

కరిగిస్తేనే కనిపించే పరీక్షలు

రెండో రకం తక్షణ పరీక్షలన్నీ లోహాన్ని ద్రవంలోకి తెచ్చాకే మొదలవుతాయి. వాటిలో బాగా నలిగింది ఆనోడిక్ స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీ. పేరు భయపెట్టినా పని తేలిక. చక్కెర వ్యాధి పరీక్షకు వాడే పట్టీ లాంటిదాన్ని ద్రావణంలో ముంచి, రుణ విద్యుత్తు ఇచ్చి, ద్రావణంలోని లోహాన్ని రెండు మూడు నిమిషాలు దానిమీద పేరనిస్తారు. తర్వాత వోల్టేజీని మెల్లగా పెంచుకుంటూ పోతే ఒక్కో లోహం తన వంతు రాగానే ఊడివస్తుంది. ముందు కాడ్మియం, తర్వాత సీసం. ఊడేటప్పుడు పుట్టే కరెంటే కొలత. మోతాదు ఎంత తక్కువైనా ముందు పోగుచేసుకుని తర్వాత కొలుస్తుంది కాబట్టి, ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కు అందని కాడ్మియం దీనికి అందుతుంది. పిల్లల రక్తంలో సీసాన్ని వేలి చివర చుక్కతో మూడు నిమిషాల్లో కొలిచే చిన్న పరికరాల్లోనూ ఇదే పద్ధతి. ఒకప్పుడు ఈ పనికి పాదరసపు బొట్టునే వాడేవాళ్లు. విషాన్ని పట్టడానికి మరో విషం! 2000 తర్వాత బిస్మత్ పూత వచ్చి ఆ ఇబ్బంది తీరింది.

కష్టమంతా మందును కరిగించడంలో ఉంది. చూర్ణంలోని లోహం పీచుకూ, వగరునిచ్చే టానిన్లకూ అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని విడదీయాలంటే గాఢ నైట్రిక్ ఆమ్లంతో వేడిచేయాలి. కొలత మూడు నిమిషాలే, కరిగించడానికి గంటలు. అందుకని చాలా తక్షణ పద్ధతులు పలచని ఆమ్లంలో పొడిని నానబెట్టి, కదిపి, వడగట్టి కొలుస్తాయి. వచ్చినంతే వచ్చింది అనుకుంటాయి.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. రససిందూరంలో ఉండే మెర్క్యురిక్ సల్ఫైడ్ నైట్రిక్ ఆమ్లంలో కరగదు. దానికి నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు కలిపిన ద్రవరాజం కావాలి. నూటికి నూరుపాళ్లూ పాదరస సమ్మేళనం ఉన్న పొడిని పలచని నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి, వడగట్టి, పట్టీ ముంచితే "పాదరసం లేదు" అనే వస్తుంది. ఉన్నదంతా వడపోత కాగితం మీద ఎర్రగా మిగిలిపోతుంది. అదే పొడిమీద ఎక్స్‌ఆర్‌ఎఫ్ ఆనిస్తే తెర పగిలేంత కొండ. రెండు పరికరాలూ అబద్ధం చెప్పలేదు. ఒకటి కరిగినదాన్ని కొలిచింది, మరొకటి ఉన్నదాన్ని కొలిచింది. రిపోర్టులో నమూనాను ఎలా కరిగించారో రాయకపోతే కింద ఉన్న అంకెకు అర్థమే లేదు. తెలుగు రాష్ట్రాల్లో చిన్న తయారీదారులు తెప్పించుకునే రిపోర్టుల్లో ముందు చదవాల్సింది ఆ ఒక్క వాక్యం.

రంగు మారే పరీక్షల చరిత్ర పాతది. ఆర్సెనిక్‌కు 1836లోనే జేమ్స్ మార్ష్ పరీక్ష కనిపెట్టాడు. దాని బంధువైన గుట్జైట్ పద్ధతి, ఆర్సెనిక్ వాయువు తగిలిన కాగితం పసుపు, గోధుమ రంగులకు తిరగడం, బెంగాల్ ప్రాంతపు బోరునీళ్ల పరీక్షల్లో విపరీతంగా వాడుకలోకి వచ్చింది. బంగ్లాదేశ్‌లో బోర్లకు ఎరుపు, ఆకుపచ్చ రంగులు వేసింది అలాంటి కిట్ల ఆధారంగానే. ఇప్పుడు బంగారు నానో రేణువులు, డీఎన్‌ఏ తునకలు, ఫోన్ కెమెరాతో చదివే కాగితపు చిప్పులు వచ్చాయి. పరిశోధన పత్రాల్లో ఇవి అద్భుతంగా ఉంటాయి. తాగునీటి మీద నిజంగానే బాగా పనిచేస్తాయి. కానీ త్రిఫల కషాయం ముందే ముదురు గోధుమ రంగు. పసుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. రంగును చూసి తేల్చాల్సిన పరీక్షకు రంగునీళ్లు ఇస్తే ఏం చూస్తుంది? కరక్కాయలోని టానిన్లు లోహాన్ని పట్టుకుని దాచేస్తాయి కూడా. నీళ్ల మీద గెలిచిన పరికరం చూర్ణం మీద ఓడిపోవడం ఈ రంగంలో మామూలే. కొత్త పరికరం గురించి వార్త వచ్చినప్పుడు దేనిమీద పరీక్షించారో చూడాలి. నీళ్లలో తెలిసిన మోతాదు సీసం కలిపి చూశారా, నిజమైన చూర్ణంలోనా?

రంగును గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో పెద్ద ఔషధ పరిశ్రమకూ అనుభవమే. భారలోహాలను సల్ఫైడుగా మార్చి, నలుపు ఎంత ముదిరిందో కంటితో పోల్చే పరీక్ష అమెరికా ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాల గ్రంథంలో) దాదాపు నూరేళ్లు రాజ్యమేలింది. అందులోని ఒక పద్ధతిలో నమూనాను ముందు కాల్చి బూడిద చేయాలి. ఆ మంటలో పాదరసం ఆవిరైపోయేది. పాదరసాన్ని వెతకడానికి దాన్ని ముందే పొగగా పంపించేసే పరీక్ష! 2018 జనవరి 1 నాటికి గానీ అది పూర్తిగా తప్పుకోలేదు. అదే గుణాన్ని తెలివిగా వాడుకునే పరికరం ఇప్పుడుంది: నమూనాను నేరుగా వేడిచేసి, లేచిన పాదరసపు ఆవిరిని బంగారంతో పట్టి, తిరిగి వదిలి కొలుస్తుంది. ఆమ్లం అక్కర్లేదు, ఆరేడు నిమిషాల్లో పని అయిపోతుంది. ఒక్క పాదరసానికే అయినా, నమ్మదగిన తక్షణ పరీక్ష అంటే ముందు గుర్తుకు రావాల్సింది ఇది.

పది పీపీఎం అంటే రోజుకు ఎంత?

పరికరం పరిమితి కింద అంకె చూపించిందని సంతోషించే ముందు ఆ పరిమితినే ఒకసారి లెక్క కట్టాలి. చూర్ణం పూటకు మూడు గ్రాముల చొప్పున రోజుకు రెండు పూటలు, అంటే ఆరు గ్రాములు అనుకుందాం. సరిగ్గా 10 పీపీఎం సీసం ఉన్న చూర్ణంతో రోజుకు 60 మైక్రోగ్రాముల సీసం లోపలికి పోతుంది. అల్లోపతి మాత్రలకు అంతర్జాతీయ మార్గదర్శకాలు అనుమతించేది రోజుకు 5 మైక్రోగ్రాములు. గర్భం దాల్చే వయసు స్త్రీలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆహారం నుంచి చూసుకోమన్న హద్దు 8.8, పిల్లలకు 2.2. ఆర్సెనిక్‌కూ ఇదే లెక్క వేస్తే 3 పీపీఎం చొప్పున 18 మైక్రోగ్రాములు, మాత్రల హద్దు 15. పాదరసం, కాడ్మియం దగ్గర మాత్రం మన పరిమితులు ఈ మోతాదుకు హద్దు లోపలే ఉంటాయి.

అంటే "పరిమితికి లోబడి ఉంది" అన్న సర్టిఫికెట్ ఉన్న చూర్ణం కూడా, రోజూ చెంచాడు చొప్పున నెలల తరబడి వాడితే, మాత్ర విషయంలో ఎవరూ ఒప్పుకోనంత సీసం ఇవ్వొచ్చు. చిటికెడు వాడే మందుకూ చెంచాడు వాడే మందుకూ ఒకే పీపీఎం పెట్టడంలోనే లోపం ఉంది. చేతి పరికరం సీసాన్ని 10 పీపీఎం దగ్గర పట్టగలదా లేదా అన్న వాదన కన్నా ముందు తేలాల్సింది ఇది. న్యూయార్క్‌లో 2011, 2012ల్లో ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణులకు సీసం విషమెక్కినట్టు అక్కడి ఆరోగ్యశాఖ గుర్తించింది. పొట్టలోని బిడ్డకు సీసం నుంచి రక్షణ లేదు, మాయ దాన్ని ఆపదు. సూట్‌కేసులో లేహ్యాలు, చూర్ణాలు సర్దుకుని న్యూజెర్సీకో డాలస్‌కో వెళ్లే ఇళ్లలో ఈ అంకెలు తెలిసి ఉండటం మంచిది.

ఒక్క మూలకం పేరుతో మొత్తం కథ తేలదన్నదీ గుర్తుంచుకోవాలి. ఆర్సెనిక్‌లో అకర్బన రూపం విషపూరితం, సేంద్రియ రూపాల్లో కొన్ని దాదాపు హానిలేనివి. మెర్క్యురిక్ సల్ఫైడ్ పేగుల్లో బాగా తక్కువ కరుగుతుంది, మిథైల్ మెర్క్యురీ దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్‌కు అన్నీ ఒకటే. రసవైద్యుల అభ్యంతరంలో ఆ మేరకు నిజముంది. సీసానికి మాత్రం ఈ వాదన చెల్లదు. ఒంట్లోకి చేరిన సీసానికి మంచి రూపమంటూ లేదు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయినప్పుడు, ఎయిమ్స్ పరీక్షల్లో రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని వార్తలొచ్చాయి. తర్వాతి నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు చూపాయి. కనిపించడం ఒకటి, కారణం కావడం మరొకటి. మందుల డబ్బా దగ్గర కూడా తొలి అంకెకు అంతకన్నా ఎక్కువ పెత్తనం ఇవ్వకూడదు.

జల్లెడ ఎక్కడ పెట్టాలి?

తక్షణ పరీక్షకు సరైన చోటు మందుల షాపు అల్మారా కాదు, ముడిసరుకు దిగే గేటు. కారణం మామూలు లెక్కే. ఒక కలుషితమైన బస్తాను గేటు దగ్గర ఆపితే పోయేది ఆ బస్తా. అది నూరి, కలిపి, డబ్బాల్లోకి ఎక్కాక దొరికితే పోయేది మొత్తం బ్యాచ్. దొరక్కపోతే పోయేది వాడినవాళ్ల ఆరోగ్యం. పైగా ఒక్క మూలికే ఉన్న బస్తా మీద పరికరం లెక్క సరిచేసుకోవడం తేలిక. ముప్ఫై మూలికలు, బెల్లం, నెయ్యి కలిసిన లేహ్యం మీద కష్టం.

గేటు దగ్గర నియమం కూడా ముందే రాసి పెట్టుకోవాలి. ఉదాహరణకు సీసం 20 దాటితే బస్తా పక్కన పెట్టడం, 5 నుంచి 20 మధ్య ఉంటే ప్రయోగశాలకు పంపడం, పరికరానికి కనిపించకపోతే లోపలికి పంపి, అలాంటి వాటిలో పదింటికి ఒకటి చొప్పున మాత్రం ప్రయోగశాలలో సరిచూడటం. ఆ చివరి పని డబ్బు దండగ అనిపిస్తుంది. పరికరం మెల్లగా దారి తప్పుతుంటే దానివల్లే తెలుస్తుంది. ప్రయోగశాల అంటే ఇక్కడ ఐసీపీ-ఎంఎస్: నమూనాను ఆమ్లంతో మైక్రోవేవ్‌లో పూర్తిగా కరిగించి, వేల డిగ్రీల ఆర్గాన్ జ్వాలలో అణువులను విడగొట్టి, బరువును బట్టి లెక్కపెట్టే యంత్రం. నాలుగు లోహాలనూ పరిమితికి ఎంతో కింది స్థాయిలో కూడా కొలుస్తుంది. కోర్టులో నిలబడాలన్నా ప్రభుత్వ విశ్లేషకుడి నివేదిక కావాలి గానీ చేతి పరికరం తెర ఫొటో చాలదు. ఆ పరికరం ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఎక్స్‌రే వదిలేది కాబట్టి అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలూ వర్తిస్తాయి. ఊరికో చిన్న ఫార్మసీ సొంతంగా కొనగలిగింది కాదు. పది పదిహేను మంది తయారీదారులు కలిసి ఒకటి పెట్టుకోవడమో, బేగంబజార్ లాంటి టోకు అంగడిలో ఒక ఉమ్మడి కేంద్రం ఉండటమో ఆచరణలో కుదిరే దారి.

చట్టం వైపు చూస్తే, ఉత్త మూలికా మందులకు భారలోహాల పరీక్ష తప్పనిసరి చేసిన ఆయుష్ ఉత్తర్వు 2005లో వచ్చి 2006 జనవరి 1 నుంచి అమలైంది. అది ఎగుమతి సరుకుకు. బోస్టన్‌లో గొడవ అయింది కాబట్టి బోస్టన్‌కు వెళ్లే డబ్బాకు ముందు పరీక్ష పెట్టారు. భీమవరంలోనో వరంగల్‌లోనో కొనేవాడి డబ్బా అప్పటికి అంత తొందర పనిగా కనిపించలేదు. ఆ వరస ఎవరికైనా గుచ్చుకోవాలి.

రిపోర్టుల్లో తరచూ కనిపించే "ఎన్.డి." అన్న రెండక్షరాల దగ్గరా ఆగాలి. కనిపించలేదు అని దాని అర్థం. లేదు అని కాదు. పక్కనే "ఇంత వరకు చూడగలం" అన్న అంకె ఉంటేనే ఆ రెండక్షరాలకు విలువ. కాడ్మియం ఎదురుగా ఎన్.డి. అని రాసి, పరికరం చూడగలిగిన హద్దు 5 పీపీఎం అయితే, 0.3 పరిమితికి పదిహేను రెట్లు ఎక్కువున్న మందు కూడా అదే ఎన్.డి.తో బయటపడుతుంది.

ఇక గేటు దగ్గర పరికరం పట్టుకున్న ఆ బస్తా. కంపెనీ కొననంది. లారీ దాన్ని ఎక్కించుకుని వెనక్కి తిరిగింది. శ్యామ్‌బజార్‌లో అధికారులు సరుకును స్వాధీనం చేసుకున్నారు కాబట్టి అది అక్కడితో ఆగింది. ఇక్కడ తిరస్కరించిన కంపెనీ ఆ అంకెను ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోతే, లారీ సాయంత్రానికి పరికరం లేని గేటు ముందు నిలబడి ఉంటుంది.